పద్నాలుగో ఫారం

బైండింగ్ మేస్త్రి జన్మలో ఒకరి గుండుసూది కూడా ముట్టి ఎరుగడు. అలాంటి మనిషి ఆ బుధవారం మధ్యాహ్నం, కూతురు భోజనానికి చేతులు కడుక్కోవడానికి వెళ్లిన ఐదు నిమిషాల్లో, పన్నెండు పుస్తకాల్లోంచి పన్నెండు ఫారాలు దొంగిలించాడు.

ఫారం అంటే తెలియనివాళ్లకు ఒక మాట. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిస్తే వచ్చే పల్చటి మడతే ఫారం. అలాంటివి వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. ఈ పుస్తకానికి పద్నాలుగు ఫారాలు. ఒక్కో ఫారం వెన్ను మీద ఒక నల్లటి గుర్తు ఉంటుంది, ఒకదానికంటే ఒకటి కాస్త కిందికి. సరిగ్గా పేరిస్తే ఆ గుర్తులు మెట్లలా దిగుతాయి. మెట్టు తప్పిందంటే ఫారం తప్పినట్టే. ఆ మెట్లు చూడటమే మేస్త్రి కూతురి ఉద్యోగం.

ఆ అమ్మాయికి ఇరవై ఒక్కేళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. మాట నిదానం, నడక నిదానం, కోపం మాత్రం మహా వేగం. రెండేళ్ల క్రితం మేస్త్రి ప్రెస్సు ఓనరు ముందు నిలబడి, "నా పక్కన కూర్చుని ఫారాలు చూస్తుందండీ, ఒక అవకాశం ఇవ్వండి" అని అడిగితే, ఓనరు కాదనలేక ఒక షరతు పెట్టాడు. "సరే గానీ మేస్త్రిగారూ, ఒక్క తప్పు పుస్తకం బయటికెళ్లినా ఈ పని మానిపిస్తాను. తర్వాత ఏమనుకోకూడదు."

మొదటి నెలలోనే ఆ అమ్మాయి, తలపండిన పనివాళ్లు బాగున్నాయని కట్టిన కట్టల్లోంచి ముప్పై ఒక్క తప్పులు పట్టుకుంది. ఒకసారి ఓనరు సరదాపడి పేర్చిన కట్టను కూడా మొహమాటం లేకుండా తిప్పి పంపింది. ఆ రోజు నుంచి ప్రెస్సంతా ఆమెను 'ఇన్‌స్పెక్టరమ్మ' అంటోంది. ఎగతాళికి మొదలైన పేరు ఆరునెలలు తిరిగేసరికి భయభక్తులతో పలికే పేరైంది.

ఆమె చూసిన ప్రతి కట్ట మీదా ఒక చీటీ ఉంటుంది, చీటీ మీద ఆమె సంతకం. ఆ సంతకం నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. రెండేళ్లలో ఆ చీటీ ఉన్న కట్టలోంచి ఒక్క తప్పు పుస్తకం బయటికి పోలేదు. ఈ సంగతి మేస్త్రి బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెబుతాడు. వాళ్లు అడగకపోయినా చెబుతాడు.

మరి అలాంటి తండ్రి, అలాంటి కూతురు సంతకం పెట్టిన కట్టలోనే చెయ్యి ఎందుకు పెట్టాడంటే, ఆ పుస్తకం అలాంటిది.

అదొక నవల. అందులో డౌన్ సిండ్రోమ్ ఉన్న పదేళ్ల పాప ఉంది. రాసినావిడ పేరున్న రచయిత్రి. అంతా రాసి, అచ్చుకిచ్చి, ఫారాలు కూడా మడిచాక ఆవిడకు ఒక బుద్ధి పుట్టింది. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఏమంటారో తెలుసుకుంటే బాగుంటుందని. ఓనరు వెంటనే, "మా మేస్త్రిగారి సంఘం ఉందిగా!" అన్నాడు. నెలకో ఆదివారం ఒక స్కూలు గదిలో కలుసుకునే, ఇలాంటి పిల్లలున్న పన్నెండు కుటుంబాలవి. పన్నెండు కాపీలు ముందుగా కుట్టించి ఇస్తే వాళ్లు చదువుతారు, పై ఆదివారం కాక ఆ పై ఆదివారం రచయిత్రిగారు వచ్చి కూర్చుంటారు అని ఒప్పందం.

మేస్త్రి ముప్పై రెండేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడే గానీ చదివిన పాపాన పోలేదు. ఇది మాత్రం చదివాడు. పదమూడు ఫారాల దాకా బాగానే ఉందనిపించింది. పద్నాలుగో ఫారంలో ఆ పాప గుండె ఆపరేషన్ బల్ల మీద చనిపోయింది. అప్పటిదాకా కొట్టుకు చస్తున్న ఇంటిల్లిపాదీ ఆ పాప ఖాళీ మంచం పక్కన ఒకటైపోయారు. తండ్రి తాగుడు మానేశాడు. అక్క డాక్టరు అవుతానని ప్రమాణం చేసింది.

మేస్త్రి కూతురికి ఆరో ఏట గుండె ఆపరేషన్ అయింది. ఏడు గంటలు ఒక తలుపు ముందు నిలబడ్డాడు. ఆ తలుపు రంగు ఇప్పటికీ ఏ గోడ మీద కనబడ్డా అతను చూపు తిప్పుకుంటాడు. సంఘంలో ఐదుగురు పిల్లల గుండెల మీద అలాంటి కుట్లే ఉన్నాయి. పైగా టైలరమ్మ కూతురికి వచ్చే నెలలోనే ఆపరేషన్. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ తల్లి చేతిలో ఈ ఫారం పెట్టాలా? తన కూతురు చదవాలా?

చూస్తే పదమూడో ఫారం రెండు వందల ఎనిమిదో పేజీలో, ఒక అధ్యాయం చివర చక్కగా ఆగింది. "రేపు మనం ఇంటికెళ్లిపోదాం" అని తల్లి పాపతో అంటుంది. అక్కడితో పేజీ ఖాళీ. దేవుడే ఇక్కడ ఆపమన్నాడని మేస్త్రికి అనిపించింది. డాక్టరైతే మందిచ్చేవాడు, ప్లీడరైతే నోటీసిచ్చేవాడు. బైండరు కాబట్టి ఫారం పీకేశాడు. పీకి, పన్నెండూ తన చేత్తోనే కుట్టి, అట్టలు వేసి, కూతురు కంట పడకుండా నేరుగా ఓనరు గదిలో పెట్టాడు. మిగతా వెయ్యి కాపీల్లో ఆ పాప నిక్షేపంగా చనిపోయే ఉందని గానీ, ఆ కట్ట మీది చీటీలో ఎవరి సంతకం ఉందని గానీ అతనికి తట్టలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుంది.

ఇంటికొచ్చిన కాపీ మేస్త్రి భార్య చదివింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, ఎంతటి డాక్టరు గిలుకుడైనా చదివేయగలదు. కూతురు పుట్టినప్పటి నుంచీ ఇలాంటి పిల్లల మీద వచ్చిన నవల ఏది దొరికినా వదల్లేదు. ఒక అలమర నిండా అవే. చదివాక ప్రతి పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక మాట రాస్తుంది. ఒకదాని మీద, "ఇందులో పిల్లవాడు దేవుడట. మరి స్నానానికి ఇల్లంతా పరిగెత్తించేది ఎవరు?" అని ఉంది. ఇంకోదాని మీద, "ఈ తల్లికి పదేళ్లుగా నిద్ర లేదట. నాకు మంచం కనబడితే చాలు." మరోదాని మీద ఒకటే మాట, "చంపేశాడు."

పై వారం గురువారం కొత్త పుస్తకం పూర్తి చేసి, పెన్సిల్ తీసుకుని రాసి, భర్తకు చూపించింది. "బతికించింది. ఇన్నేళ్లలో మొదటిసారి."

"చూశారా, లోకం బాగుపడుతోందండీ" అంది.

మేస్త్రి "ఊఁ" అన్నాడు. లేచి వీధిలోకి పోయాడు.

అనుకున్న ఆదివారం నాలుగు గంటలకు అందరూ స్కూలు గదిలో చేరారు. మూడో తరగతి పిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ల మోకాళ్లు గడ్డాలకు తగులుతున్నాయి. చిన్నపిల్లలు వరండాలో ఆడుతున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం పెద్దవాళ్లతోనే, తల్లిదండ్రుల మధ్య కూర్చుంది. రచయిత్రి వచ్చింది, వెంట ఓనరు వచ్చాడు. రచయిత్రి అందరికీ నమస్కారం పెట్టి, ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికొచ్చి బుగ్గ నిమిరి, "ఏం పాపా, బొమ్మలేస్తావా?" అని అడిగింది.

"ఉద్యోగం చేస్తా" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ముందు బస్సు డ్రైవరు లేచాడు. అతని కొడుకుకి పదహారేళ్లు. "అమ్మా, ముందే అడిగుంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. అయినా చెబుతా. మావాడు రోజుకి నాలుగు అబద్ధాలు చెప్తాడు. అందులో రెండు నేనే నమ్ముతా. నా తాళాలు దాచేసి, నాతో పాటు వెతుకుతాడు. పుస్తకాల్లో మాత్రం ఈ పిల్లలు నోట్లో వేలు పెడితే కొరకలేరు! మావాడిలాంటి ఘటం ఒక్కడూ కనబళ్లేదు."

అందరూ నవ్వారు. టైలరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "నాకు ఏడుపొచ్చే పుస్తకాలే కావాలండీ. ఇంట్లో ఏడిస్తే అత్తగారి దగ్గర్నుంచి అందరూ కంగారు పడతారు. పుస్తకం చేతిలో ఉంటే ఎవరూ అడగరు. కాకపోతే..." ఆమె అట్ట మీద చెయ్యి వేసింది. "దీన్ని మాత్రం నవ్వుతూ మూశాను. రేపు ఇంటికెళ్లిపోదాం అంటుందే ఆ తల్లి, ఆ మాట రోజూ ఒకసారి తీసి చదువుకుంటున్నా."

మేస్త్రి నేల చూపులు చూశాడు.

అతని భార్య అందుకుంది. "పుస్తకాల్లో మా పిల్లలకి రెండే పనులండీ. ఒకటి, చుట్టుపక్కల వాళ్లందర్నీ మంచివాళ్లని చెయ్యడం. రెండు, ఆ పని అవగానే చచ్చిపోవడం. మీరొక్కరే బతికించారు. మీ కడుపు చల్లగా ఉండాలి."

రచయిత్రి ముఖంలో రంగు మారింది. "నేను... బతికించలేదండీ. రెండు వందల ఇరవయ్యో పేజీ..."

"మాకు రెండు వందల ఎనిమిదితోనే అయిపోయింది కదండీ" అన్నాడు డ్రైవరు.

పన్నెండు పుస్తకాలూ తెరుచుకున్నాయి. పన్నెండింట్లోనూ రెండు వందల ఎనిమిదే. ఓనరు ఒక కాపీ తీసుకుని, వెన్ను పైఅంచులో మడతలు లెక్కపెట్టి, మెల్లగా మూశాడు. అతను చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించే మాట్లాడాడు. "చివరి ఫారం లేదు. ఈ కట్ట చూసిందెవరు?"

"నేను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "పద్నాలుగు ఉన్నాయి."

"లేవమ్మా. పదమూడే ఉన్నాయి."

"నేను చూశా. పద్నాలుగు. సంతకం పెట్టా."

"అందుకేగా అడుగుతున్నా" అని ఓనరు మేస్త్రి వైపు తిరిగాడు. "నేను మొదట్లోనే అన్నాను మేస్త్రిగారూ. మీకు గుర్తుంది కదా. రేపట్నించి అట్టల మీద కాగితం అంటించే పనిలో పెడదాం. అదైతే తేలిక."

మేస్త్రికి దొంగకు తేలు కుట్టినట్టైంది. అరవలేడు, ఊరుకోలేడు. చుట్టూ అందరూ ఆ అమ్మాయికి అండగా మాట్లాడుతున్నారు. "పోన్లెండి, పాపం." "పెద్దవాళ్లకే పొరపాట్లు జరుగుతాయి, తనెంత, పాపం." మంచి మనసుతోనే అంటున్నారు. ఆ పాపం అనే మాట ఒక్కోసారి వినబడుతుంటే అతనికి ఒంటి మీద వాతలు పెడుతున్నట్టుంది. ఇరవై ఒక్కేళ్లు ఆ ఒక్క మాటను ఇంటి గడప తొక్కనివ్వకుండా కాపలా కాశాడు. ఇప్పుడు తనే తలుపు తీసి లోపలికి పిలిచాడు. కంచే చేను మేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఏడవలేదు. లేచి నిలబడి, ఓనరు కళ్లలోకి చూస్తూ మూడోసారి చెప్పింది. "పద్నాలుగు."

"పద్నాలుగే" అన్నాడు మేస్త్రి.

అతను కూడా లేచాడు. బెంచీ చిన్నది, మోకాలు కొట్టుకుంది. "అమ్మాయి చూసినప్పుడు పద్నాలుగూ ఉన్నాయండీ. తను చేతులు కడుక్కోవడానికి వెళ్తే నేను తీసేశాను. పన్నెండింట్లోవీ. నా బల్ల సొరుగులో ఉన్నాయి. అందులో పాప చచ్చిపోతుంది. ఆపరేషన్‌లో. నేను... మీ అందరూ చదువుతారని, మా అమ్మాయి చదువుతుందని..." టైలరమ్మ వైపు చూసి, చూడలేక తల తిప్పుకున్నాడు. "తప్పు నాది. ముప్పై రెండేళ్లలో తప్పు పుస్తకం పంపలేదు. పంపింది ఇదే, తెలిసి పంపాను. తన సంతకం జోలికి ఎవరూ వెళ్లకండి."

ముందు అతని భార్యే తేరుకుంది. "నాకూ చెప్పలేదు కదూ మీరు? ఇరవై ఒక్కేళ్లుగా ఒక అలమర నిండా చంపినవాళ్లని చదివాను. ఇంకొకరిని తట్టుకోలేననుకున్నారా?"

కానీ మేస్త్రి కూతురి ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నా పని పాడు చేశావ్" అంది ఆమె.

"అవునమ్మా."

"నువ్వు బైండరువి. ఫారం తియ్యకూడదు."

"తియ్యకూడదమ్మా. నువ్వు చదివి భయపడతావని..."

"చదివా" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నీకంటే ముందే, మొత్తం చదివా. మడతలప్పుడు. చివరి ఫారమే ముందొచ్చింది. చదివి కొంచెం ఏడ్చా. తర్వాత భోజనం చేశా."

ఆమె తండ్రిని వదిలేసి, తిన్నగా నడుచుకుంటూ టైలరమ్మ బెంచీ దగ్గర ఆగింది. టైలరమ్మ రెండు చేతులతో పుస్తకాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని ఉంది, కళ్లనిండా నీళ్లు.

"అది కథ" అంది ఇన్‌స్పెక్టరమ్మ. గొంతు కింద కుట్ల గీత మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించింది. "నాకు నిజంగా కోశారు. నేనిక్కడే ఉన్నా."

టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బయటికే ఏడ్చింది. ఎవరూ కంగారు పడలేదు.

కాసేపటికి రచయిత్రి లేచి ఇన్‌స్పెక్టరమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈసారి బుగ్గ నిమరలేదు. "మీ నాన్నగారు కాక మొత్తం పుస్తకం చదివింది మీరొక్కరే ఇక్కడ. మీరేమంటారు?"

ఇన్‌స్పెక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. తొందరపెట్టేవాళ్లు లేరు. "ఆ పిల్లకి మీరు పనివ్వలేదు" అంది చివరికి. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుంటుంది. అందరూ వచ్చి దాని దగ్గర ఏడుస్తారు. దానికి కోపం రాదు. నాకైతే వస్తుంది. పనీ లేదు, కోపమూ లేదు. అందుకే మీకు ఏం చెయ్యాలో తోచక చంపేశారు."

డ్రైవరు తొడ చరిచి, "అద్గదీ!" అన్నాడు. రచయిత్రి నవ్వలేదు. బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటలు రాసుకుంది. రాసుకుని, "చివర మారుస్తాను" అంది ఓనరుతో.

"వద్దు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "వెయ్యి మడిచేశాం. ఇప్పుడు మారిస్తే కాగితం దండగ. ఇంకో పుస్తకం రాయండి. బాగా రాయండి."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయీ, తొందరపడి మాటన్నాను. నీ పని నీదే" అన్నాడు. ఆమె దానికి తల ఊపి, "నాన్న కుట్టినవి కూడా రేపట్నించి నేనే చూస్తా" అంది. అది అనుమతి అడగడం కాదని ఓనరుకి అర్థమైంది.

ఇంటికి నడిచినంతసేపూ ఆమె తండ్రితో మాట్లాడలేదు. ఇంటి దగ్గర భార్య పెన్సిల్ రాతను చెరిపేసి, "నా మొగుడు బతికించాడు" అని రాసి, పుస్తకాన్ని అలమరలో పెట్టకుండా అతని చేతికే ఇచ్చింది. తిట్టిందో మెచ్చుకుందో మేస్త్రికి తేలలేదు.

సోమవారం పన్నెండు పుస్తకాలూ ప్రెస్సుకి తిరిగొచ్చాయి. మేస్త్రి సొరుగులోంచి ఫారాలు తీశాడు. అట్టలు ఊడదీసి, పాత జిగురు గీకి, కుట్లు విప్పి, పద్నాలుగోది చేర్చి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. కూతురు ఎదురుగా కుర్చీ వేసుకుంది. మిగతా పనివాళ్లు పని మీద దృష్టి ఉన్నట్టు నటిస్తూ చెవులన్నీ ఇటే పడేశారు. ఒకటోది చూసింది, పక్కన పెట్టింది. రెండోది పెట్టింది. ఏడోది వెలుతురుకి ఎత్తి, తిప్పి, మళ్లీ తిప్పి, తండ్రి ముందుకు తోసింది.

"వంకర."

మేస్త్రి చూశాడు. నూలుపోగంత వంకర. ఇంకెవరి కంటికీ ఆనదు. ముప్పై రెండేళ్లలో అతని కుట్టును వెనక్కి కొట్టిన మనిషి లేడు. ఈ పిల్లకి ఒక అవకాశం ఇవ్వమని డాక్టర్ల ముందు, హెడ్‌మాస్టర్ల ముందు, ఓనరు ముందు చేతులు కట్టుకుని నిలబడిన రోజులు లెక్కలేనన్ని. ఇప్పుడు ఆ పిల్ల ముందే, పని చెడగొట్టిన పనివాడిలా తను కూర్చున్నాడు. ఆమె కోపంలో ముద్దు లేదు, మారాం లేదు. అది సాటి పనివాడి మీద వచ్చే కోపం, అచ్చంగా తనకు వచ్చేలాంటిదే. అతనికి సిగ్గుపడాలనే ఉంది గానీ, గర్వం అడ్డొస్తోంది.

"ఇంకా కోపం పోలేదా అమ్మా?" అని అడిగాడు.

"పోలేదు" అంది ఇన్‌స్పెక్టరమ్మ, ఎనిమిదోది అందుకుంటూ. "సాయంత్రానికి పోతుంది. ముందు ఆ కుట్టు విప్పు."